మెల్‌బోర్న్‌లో నా శనివారం డ్యూటీ: ఆ కప్పు నేనెందుకు పట్టుకోను?

నమస్తే అండీ. టైమ్ ఉదయం ఆరున్నర, బయట చలి మామూలుగా లేదు. నా పని గురించి చెప్పమని చాలామంది అడిగారు కదా, ఇవాళ అదే. ఇక్కడ చదువుకుంటూ సపోర్ట్ వర్కర్లుగా, అంటే వైకల్యం ఉన్నవాళ్ళకి రోజువారీ పనుల్లో సాయంగా, చేస్తున్న మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, నేనూ వాళ్ళలో ఒకణ్ణి. ఇంటి లోపల మాత్రం కెమెరా తియ్యను. అది నేను సాయం చేసే ఆయన ఇల్లు. ఈ నాలుగు మాటలూ ఆయన్ని అడిగి, సరేనన్నాకే చెబుతున్నా.

ఆయనకి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. మణికట్టు లేస్తుంది, వేళ్ళు మాత్రం కదలవు. మొదటి రోజు ఆయన కాఫీ కప్పు ఎత్తబోతుంటే, నేను గబుక్కున అందుకుని నోటి దగ్గర పెట్టాను. ముఖం తిప్పేసుకున్నారు. కాసేపాగి ఆయనే చూపించారు: మణికట్టు వెనక్కి వంచితే వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. ఆ కాస్త పట్టుతోనే కప్పు లేపుతారు. పది నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి రెండు చుక్కలు ఒలుకుతాయి. తుడవమంటే తుడుస్తాను. ఆ పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవడమే నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టంగా అనిపించింది.

ఇక్కడ వైకల్యం ఉన్నవాళ్ళ కోసం ఎన్‌డీఐఎస్ (నేషనల్ డిసెబిలిటీ ఇన్సూరెన్స్ స్కీమ్) అని ప్రభుత్వ పథకం ఉంది. 2013లో చట్టం వచ్చింది. 65 ఏళ్ళు రాకముందే దరఖాస్తు చేసుకోవాలి. మనలా స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి వర్తించదు, పౌరసత్వమో పీఆరో (శాశ్వత నివాస వీసా) ఉండాలి. నాకు నచ్చిందేంటంటే, నిధులు ఆ మనిషి పేరు మీద ఒక ప్లాన్‌గా వస్తాయి, తను ఏం చెయ్యాలనుకుంటున్నాడో అందులో రాసి ఉంటుంది. ఈయన ప్లాన్‌లో ఫుటీ (ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) మ్యాచ్‌లకి వెళ్ళడం ఉంది. నా పద్ధతి నచ్చకపోతే ఇంకొకర్ని పెట్టుకునే హక్కూ ఆయనదే.

అందుకే ఇవాళ స్టేడియంకి. ట్రామ్ దగ్గరే, కానీ పాత ట్రామ్‌లకి మెట్లుంటాయి, వీల్‌చైర్ ఎక్కదు. ట్రైన్‌కే వెళ్తాం. ప్లాట్‌ఫామ్ మీద ముందు చివర నిలబడితే, డ్రైవరే దిగొచ్చి మొదటి తలుపు దగ్గర ర్యాంప్ వేస్తాడు. మన స్టేషన్లలో ఇది ఎప్పుడు చూస్తామో!

ఇదంతా చూస్తుంటే ఒంగోలు దగ్గర ఉండే మా చిన్నాన్న గుర్తొచ్చాడు. లారీ ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. ఆంధ్రాలో 2024లో దివ్యాంగుల పింఛను 6,000 చేశారు, అది అందుతోంది. ఇంట్లో ఎవరూ లోటు చెయ్యరు, ప్రాణం పెట్టి చూసుకుంటారు. కానీ నీకేం కావాలి అని ఎవరం అడగలేదు. మొన్న వీడియో కాల్‌లో నేనడిగా. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నీళ్ళు తక్కువ తాగుతున్నాన్రా. తాగితే మళ్ళీ మీ పిన్ని నన్ను మోసుకెళ్ళాలి" అన్నాడు.

పన్నెండేళ్ళుగా! మాకెవరికీ తెలీదు. తర్వాత మెల్లగా ఇంకో మాట: "పంచె కట్టుకోవాలనుంది. సులువని లుంగీయే చుడతారు."

అన్నయ్యకి అప్పుడే ఫోన్ చేశా. చక్రాల కమోడ్ కుర్చీకి డబ్బులు పంపాను, ఈ వారం వస్తుంది. పంచె ఆదివారం కడతారట. ఏ అంచుదో చిన్నాన్నే చెబుతాడు.