దూడ చచ్చిన రోజులు లెక్క చెప్పాడు, కూతురి మాట దగ్గర ఆగిపోయాడు

నమస్కారమండీ. విజయనగరంలో మా మేడ మీద కూర్చుని ఈ వీడియో తీస్తున్నాను. మూడు లాంతర్ల కూడలి వైపు నుంచి ఆటో హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి.

ఇవాళ ఒక నవల, ఒక కథ. నవల అమితావ్ ఘోష్ 'ది గ్లాస్ ప్యాలెస్', 2000లో వచ్చింది. కథ మంటో ఉర్దూలో రాసిన 'టోబా టేక్ సింగ్', 1955 నాటిది. రెండింట్లోనూ ఉన్నచోటు వదిలి పోవాల్సి వచ్చినవాళ్ళే. కథలో ముఖ్యమైనవి చెప్పేస్తాను, ఇంకా చదవనివాళ్ళు ఇక్కడే ఆపేయండి.

నవల పట్టుకున్నది బర్మాలోని రంగూన్ కోసం. మన ఉత్తరాంధ్ర తీరం నుంచి స్టీమరెక్కి అక్కడికి కూలికి వెళ్ళినవాళ్ళు ఎందరో. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాక లక్షల మంది అడవులు, కొండలు పట్టి ఇండియాకి నడిచారు. పుస్తకాల్లో 'కాందిశీకులు' అంటారు. మా వీధిలో 'బర్మావోళ్ళు' అనేవారు.

ఘోష్ ఆ నడక దగ్గరుండి చూపిస్తాడు. ముసలివాళ్ళయిన రాజ్‌కుమార్, డాలీ, చంటిపిల్లతో కోడలు మంజు. మంజు తెప్ప మీంచి నదిలోకి జారిపోయే చోట నేను పుస్తకం మూసేసి కిందికెళ్ళి టీ పెట్టుకున్నాను. అయితే ఒక ఫిర్యాదు ఉంది. రాజ్‌కుమార్ టేకు వ్యాపారి. మనకి బాగా తెలిసేది ఆయన కుటుంబం కష్టం. మనవాళ్ళలాంటి కూలీలు ఎక్కువగా వెనకాల గుంపులోనే ఉండిపోయారు. కొన్నిచోట్ల పాత్రలు చరిత్ర పాఠం చెబుతున్నట్టు మాట్లాడతాయి కూడా.

మంటో కథలో నడకే లేదు. దేశ విభజన అయ్యాక రెండు దేశాలూ పిచ్చాసుపత్రుల్లో ఉన్నవాళ్ళని మార్చుకుంటాయి. లాహోర్ పిచ్చాసుపత్రిలో ఉన్న బిషన్ సింగ్‌ని చూడ్డానికి పాత స్నేహితుడు ఫజల్ దీన్ వస్తాడు. మీవాళ్ళంతా క్షేమంగా ఇండియా వెళ్ళారు అంటాడు. 'నీ కూతురు రూప్ కౌర్...' అని ఆగిపోతాడు. తర్వాత తడబడుతూ, తనూ బాగానే ఉంది, వాళ్ళతోనే వెళ్ళింది అంటాడు. అదే మనిషి, గేదెకి పుట్టిన పెయ్య ఆరు రోజులకే చచ్చిపోయిందని మాత్రం లెక్కగా చెబుతాడు! పెయ్య చావు చెప్పగలడు. కూతురి సంగతి నోట రాదు. ఆ అమ్మాయికి ఏమైందో మంటో ఒక్క ముక్క రాయలేదు. నాకు మాత్రం అర్థమైపోయింది. చివరికి బిషన్ సింగ్ రెండు దేశాల ముళ్ళకంచెల మధ్య పడిపోయి ఉంటాడు. అందరూ ఆ ముగింపే చెబుతారు గానీ, నాకు ఆ ఆగిపోవడమే ఎక్కువ.

ఎందుకంటే మా పక్కింటి మామ్మ అలాగే ఆగేది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు 1942లో వాళ్ళమ్మ వెంట నడిచొచ్చింది. రంగూన్ బజారు గురించి, అక్కడి చేపల గురించి గంటలు చెప్పేది. దారి గురించి అడిగితే, "ఏటుంది సెప్పడానికి, నలుగురం బయల్దేరినాం..." అని చేటలో బియ్యం ఏరుకోవడం మొదలెట్టేది. వచ్చింది ఇద్దరేనని వాళ్ళబ్బాయి చెబితే తెలిసింది.

అందుకే నా ఓటు మంటోకే. కథ ఒక్క కూర్చోటంలో అయిపోతుంది. గ్లాస్ ప్యాలెస్ 500 పేజీలు దాటుతుంది, సెలవులు చూసుకుని మొదలుపెట్టండి.