కిడ్నీ జల్లెడలోంచి నానో కణం బయటపడేది ఎలా?

యాంకర్: నమస్కారం. నానో మందులు, స్కానింగ్ కోసం ఎక్కించే నానో కణాలు అని ఈమధ్య బాగా వింటున్నాం, కానీ ఒంట్లోకి వెళ్ళాక అవి బయటికి ఎలా పోతాయన్నది ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇవాళ దాని గురించే. స్టూడియోలో కిడ్నీల డాక్టర్ అయిన నెఫ్రాలజిస్ట్ గారు, నానో మెటీరియల్స్ పరిశోధకురాలు ఉన్నారు. డాక్టర్ గారూ, ముందు మీరు చెప్పండి.

నెఫ్రాలజిస్ట్: మన కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడకడతాయండి, అందులో లీటరున్నర రెండు లీటర్లే యూరిన్‌గా వస్తుంది, మిగతాదంతా మళ్ళీ రక్తంలోకే పోతుంది. ఆ వడపోత జరిగేది కిడ్నీలోని సన్నని రక్తనాళాల ఉండ అయిన గ్లోమెరులస్‌లో. అక్కడ రక్తనాళం గోడకి 70–90 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల భాగాల్లో ఒకటి) రంధ్రాలుంటాయి, అది చూస్తే ఏదైనా దూరిపోతుందనిపిస్తుంది, కానీ దాని వెనక బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పొర, ఆ వెనక పోడోసైట్లనే జీవకణాల మధ్య సన్నటి సందులు ఉన్నాయి చూశారూ, అసలు ఆపేది అవే.

పరిశోధకురాలు: ఏ సైజు దగ్గర ఆగుతాయో 2007లో వెలుగునిచ్చే నానో కణాలైన క్వాంటం డాట్స్‌తో ఎలుకల్లో చూపించారు. పైపూతతో కలిపి 5.5 నానోమీటర్ల లోపు ఉన్నవి త్వరగా యూరిన్‌లోకి వచ్చేశాయి, పెద్దవి లోపలే ఉండిపోయాయి. ఇంకో చిక్కేంటంటే కణం రక్తంలో పడగానే ప్రోటీన్లు వచ్చి అతుక్కుంటాయి, ల్యాబ్‌లో చిన్నగా ఉన్నది కాస్తా 15 నానోమీటర్లు దాటిపోవచ్చు, ఇక అది కిడ్నీ జల్లెడ దాటలేదు. అందుకే ప్రోటీన్లు అంటుకోకుండా సిస్టీన్ (ఒక అమైనో ఆమ్లం) లాంటి పూత వేశారు, నన్నడిగితే ఆ పనిలో సగం విజయం ఆ పూతదే.

యాంకర్: అయితే ఎంత చిన్నగా చేస్తే అంత మంచిదన్నమాట?

పరిశోధకురాలు: కాదండీ! 2017లో గోల్డ్ క్లస్టర్లతో చేసిన పనిలో 25 బంగారు పరమాణువులున్న కణం కంటే 18, 15, 10 ఉన్నవి ఇంకా నెమ్మదిగా బయటికొచ్చాయి. రక్తనాళం లోపలి గోడ మీద గ్లైకోకాలిక్స్ అని దట్టమైన గడ్డిలాంటి పొర ఉంటుంది, మరీ చిన్నవి అందులోకి దిగి చిక్కుకుపోతున్నాయి. ఆకారం సంగతి ఇంకా విచిత్రం, వందల నానోమీటర్ల పొడవున్న కార్బన్ నానోట్యూబులు కూడా అడ్డంగా చూస్తే 1 నానోమీటర్ ఉంటాయి కాబట్టి నిలువుగా తిరిగి దాటేస్తాయి. దీనికి తోడు ఛార్జ్ కూడా ఉంది, మెంబ్రేన్‌ది నెగటివ్ కాబట్టి అదే సైజులో పాజిటివ్ కణం కాస్త తేలిగ్గా వెళ్తుంది.

యాంకర్: మరి దాటలేనివి?

నెఫ్రాలజిస్ట్: లివర్, స్ప్లీన్ (ప్లీహం) పట్టేసుకుంటాయి. కరగని లోహమైతే అక్కడ నెలల తరబడి ఉండొచ్చు. ఇంకోటి, వడపోత దాటినవన్నీ నేరుగా యూరిన్‌లోకి వెళ్ళవు, కొన్నిటిని ఆ తర్వాత వచ్చే ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ అనే సన్నటి గొట్టం గోడలోని జీవకణాలు (సెల్స్) మింగేస్తాయి. మింగినవి ఏమవుతాయో మాకు చాలాకాలం అర్థం కాలేదు, 2023లో ఎలుకల్లో చూస్తే ఆ సెల్స్ తాము మింగిన బంగారు నానో కణాలని తమ లోపలి భాగాలతో సహా ట్యూబ్యూల్‌లోకి నెట్టేస్తున్నాయట, చదివినప్పుడు నిజంగా ఒళ్ళు పులకరించింది.

యాంకర్: మనుషుల్లో చూశారా?

పరిశోధకురాలు: చూశారు. సీ-డాట్స్ అని 6–7 నానోమీటర్ల సిలికా కణాలు, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న అయిదుగురికి ఇచ్చిన ఫలితాలు 2014లో వచ్చాయి, ఎక్కువగా కిడ్నీల ద్వారానే పోయాయి. అయితే మరీ త్వరగా పోతే మందు ట్యూమర్‌కి చేరే టైమే ఉండదు కదా, అందుకే పని అయ్యాక చిన్న ముక్కలుగా విడిపోయే పెద్ద కణాలు చెయ్యాలని చాలామంది ప్రయత్నిస్తున్నారు.

నెఫ్రాలజిస్ట్: అక్కడే నా పట్టుదల మేడమ్. ఆ కిడ్నీ బాగా పనిచెయ్యకపోతే? ఎంఆర్ఐలో వాడే కొన్ని గాడోలినియం మందులు కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో బయటికి పోక చర్మం గట్టిపడే జబ్బు తెచ్చాయని 2006లో తెలిసింది. అవి నానో కణాలు కూడా కావు, మామూలు చిన్న అణువులు.

పరిశోధకురాలు: ఒప్పుకుంటాను. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలో వచ్చిన అంకె ఒక్కటే పట్టుకుని సేఫ్ అనకూడదు.

యాంకర్: ప్రేక్షకుల్లోంచి ప్రశ్న: నీళ్ళు ఎక్కువ తాగితే ఇవి త్వరగా పోతాయా?

నెఫ్రాలజిస్ట్: పోవండి. నీళ్ళు తాగితే యూరిన్ పలచబడుతుంది, సందులు పెద్దవి కావు. డిటాక్స్ పేరుతో అమ్మేవి కూడా అంతే, లివర్‌లో ఇరుక్కున్న కణాన్ని అవి కిడ్నీ దాకా తీసుకురాలేవు. ఇలాంటివి ఎక్కించుకునే ముందు కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ పరీక్షలు చూశారా అని మీ డాక్టర్ని అడగండి.