రిహర్స్ ఎక్కడ, ప్రాక్టీస్ ఎక్కడ?

నమస్కారం. ఇవాళ ఒకే ఒక్క ఇంగ్లీషు క్రియ, రిహర్స్. రిహార్సల్ అనే మాట మనకి కొత్తేం కాదు. నాటకాలవాళ్ళు అంటారు, పెళ్ళి సంగీత్‌లో డాన్సు వేసే కుర్రాళ్ళు అంటారు, ఆగస్టు 15 పరేడ్‌కి సిద్ధమయ్యే పోలీసులూ అంటారు. దాన్ని క్రియగా మార్చి ఇంగ్లీషు వాక్యంలో పెట్టబోతేనే తడబాటు. 'ఐ యామ్ రిహర్సింగ్ డ్రైవింగ్' అనే వాక్యం వినే ఉంటారు. అది ఎందుకు కుదరదో చూద్దాం.

ముందు ఉచ్చారణ. స్పెల్లింగు ఆర్, ఈ, హెచ్, ఈ, ఏ, ఆర్, ఎస్, ఈ. మధ్యలో 'హియర్' కనిపిస్తుంది కదా అని కొందరు 'రిహియర్స్' అంటారు. కాదు. నర్స్, పర్స్ ఎలా పలుకుతారో అలాగే, రిహర్స్. ఒత్తు 'హ' దగ్గర పడాలి. చివర వచ్చేది 'స్', 'జ్' కాదు. తెలుగులో మాట్లాడుకునేటప్పుడు రిహార్సల్ అని దీర్ఘం తీస్తే ఎవరికీ నష్టం లేదు. ఇంగ్లీషులో మాత్రం ఆ 'హా' వద్దు.

ఇక అర్థం. సంగీతం నేర్చుకునేవాళ్ళు పొద్దున్నే లేచి సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు మూడు కాలాల్లో పాడతారు. మనం సాధకం అనేది దీన్నే. ఇంగ్లీషులో ప్రాక్టీస్. గొంతు కుదరాలి, తాళం నిలవాలి, అంతే తప్ప దీనికి ఫలానా తేదీ అంటూ ఉండదు. ఆ పాడే మనిషికే శనివారం కచేరీ ఉందనుకోండి. శుక్రవారం సాయంత్రం వయొలిన్, మృదంగం వాళ్ళతో కలిసి కూర్చుని, వర్ణం తర్వాత ఏ కీర్తన, ఏ పల్లవి దగ్గర ఎంతసేపు నిలవాలి, తని, అంటే మృదంగం ఒక్కటే వాయించే వంతు, ఎక్కడ ఇవ్వాలి అని మొదట్నుంచి మంగళం దాకా పాడి చూసుకుంటే, అది రిహర్స్. కూచిపూడిలోనూ అంతే. అడవులు, అంటే మొదట నేర్పే నాట్యపు అడుగులు, వేస్తే ప్రాక్టీస్, గజ్జె కట్టుకుని ఆర్కెస్ట్రాతో ఐటమ్ మొత్తం చేసి చూసుకుంటే రిహర్స్.

సందేహం వస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఏ ప్రదర్శన కోసం? దానికి జవాబుంటే రిహర్స్ పెట్టండి, లేకపోతే ప్రాక్టీస్. డ్రైవింగ్‌కి ఆ ప్రశ్న వేస్తే జవాబు రాదు. నెట్స్‌లో బ్యాటింగ్ చేసేవాళ్ళూ ప్రాక్టీసే చేస్తారు, ఎందుకంటే రేపటి మ్యాచ్‌లో పడబోయే బంతులు ముందే రాసిపెట్టి ఉండవు. రిహర్స్ చెయ్యాలంటే ఏం జరగాలన్నది ముందే తేలి ఉండాలి.

అలాగని స్టేజీ తప్పనిసరి అనుకోకండి. చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి లేచింది 2023 జులై 14న. దానికి కొద్ది రోజుల ముందు ఇస్రో 24 గంటల లాంచ్ రిహార్సల్ చేసింది. ప్రయోగానికి జరిగే ఏర్పాట్లన్నీ వరసగా నడిపి చూశారన్నమాట, రాకెట్‌ని వదలడం ఒక్కటి తప్ప. నాసా వాళ్ళు ఇంకో మాట వాడతారు, వెట్ డ్రెస్ రిహార్సల్. డ్రెస్ రిహార్సల్ అంటే వేషాలు, లైట్లు, సంగీతం సహా ఆట రోజు ఎలా ఉంటుందో అలాగే ఆడి చూడటం. ఢిల్లీలో రిపబ్లిక్ డే పరేడ్‌కి జనవరి 23న చేసే ఫుల్ డ్రెస్ రిహార్సల్ ఇలాంటిదే. రాకెట్ దగ్గరికొచ్చేసరికి 'వెట్' ఎందుకు చేరిందంటే, ట్యాంకుల్లోకి నిజంగానే ద్రవ ఇంధనం నింపుతారు. 2022 జూన్‌లో నాసా చంద్రయాత్ర రాకెట్ ఆర్టెమిస్-1కి ఇలాగే నింపి, కౌంట్‌డౌన్‌ని చివరి పది సెకన్ల దాకా తీసుకెళ్ళి ఆపుదామనుకున్నారు. మధ్యలో హైడ్రోజన్ లీకు బయటపడింది, లెక్క 29 సెకన్ల దగ్గరే ఆగింది. అసలు రోజున రావాల్సిన తిప్పలు ముందే రావడానికేగా ఇదంతా!

వాక్యంలో ఎలా పెట్టాలంటే, రిహర్స్ తర్వాత కర్మ నేరుగా వస్తుంది. 'వి రిహర్స్‌డ్ ద సెకండ్ సీన్'. మధ్యలో 'అబౌట్' దూర్చకండి. ఏ కార్యక్రమం కోసమో చెప్పాలంటే 'ఫర్' వస్తుంది, 'రిహర్సింగ్ ఫర్ ద యాన్యువల్ డే'. 'రిహర్స్ టు సింగ్' అనరు, 'రిహర్స్ ద సాంగ్' అంటారు. మనవాళ్ళు దాదాపు వాడని ప్రయోగం ఇంకొకటుంది: మనుషుల్ని కూడా రిహర్స్ చేయొచ్చు. 'ద డైరెక్టర్ రిహర్స్‌డ్ ద యాక్టర్స్ ఫర్ త్రీ వీక్స్', అంటే దర్శకుడు నటుల చేత మూడు వారాలు రిహార్సల్స్ చేయించాడని. తెలుగులో ఆ 'చేయించు' లేకుండా వాక్యం నడవదు, ఇంగ్లీషులో అదే క్రియ రెండు పనులూ చేస్తుంది.

ఇప్పుడు జాగ్రత్తగా వినాల్సింది. క్రియగా ఉన్నంతసేపు రిహర్స్ మంచిమాటే. విశేషణంగా మారి 'రిహర్స్‌డ్' అయిందంటే చాలాసార్లు మెచ్చుకోలు కాస్తా ఎత్తిపొడుపవుతుంది. 'హిజ్ ఆన్సర్ సౌండెడ్ రిహర్స్‌డ్' అన్నారంటే, జవాబు బాగా తయారై వచ్చిందని కాదు, బట్టీ పట్టిన వాసన కొడుతోందని. వీసా ఇంటర్వ్యూకో, ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌కో వెళ్ళేవాళ్ళకి ఇది అవసరం. పేరాలకి పేరాలు కంఠతా పట్టి, అడిగిన ప్రశ్న పూర్తికాకముందే అప్పజెప్పేస్తే ఎదుటివాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు, ఫీజు ఎవరు కడతారు అనే విషయాలు మనసులో ఉంచుకోండి, వాక్యాలు అక్కడికక్కడే పుట్టనివ్వండి. 'అన్‌రిహర్స్‌డ్' అంటే అప్పటికప్పుడు, తయారీ లేకుండా అని. దానిలో తప్పుపట్టడం పెద్దగా లేదు.

ఈ క్రియకి ఇంకో వాడుక ఉంది, కోర్టు తీర్పుల్లో, సంపాదకీయాల్లో కనబడుతుంది. 'ఐ వోంట్ రిహర్స్ ద ఆర్గ్యుమెంట్స్ హియర్'. ఇక్కడ నాటకమూ లేదు, పాటా లేదు. తెలిసిన వాదనలే మళ్ళీ ఏకరువు పెట్టనని అర్థం. నిజానికి పాత అర్థం ఇదే. పాత ఫ్రెంచిలో దీని మూలానికి దంతె మళ్ళీ తోలడం అని అర్థం. దున్నిన చేలో గడ్డలు చితికేదాకా ఇంకోసారి తిప్పడం. అక్కడి నుంచి చెప్పిందే చెప్పడం, ఆ తర్వాతే నాటకాల సంగతి. సైకాలజీ పుస్తకాల్లోనూ ఈ పాత వాసన మిగిలింది. ఓటీపీలోని ఆరంకెలు టైపు చేసేదాకా నోట్లోనే గొణుక్కుంటాం చూడండి, దాన్నీ రిహార్సల్ అనే అంటారు.

ఒక మినహాయింపుతో ఆపేస్తాను. చర్చిలో పాడే బృందం కలిసి పాడి చూసుకోవడాన్ని ఇంగ్లీషువాళ్ళు క్వైర్ ప్రాక్టీస్ అంటారు, కుర్రాళ్ళ బ్యాండుకి బ్యాండ్ ప్రాక్టీస్ అంటారు. మన సూత్రం ప్రకారం కొన్నిసార్లు అది రిహార్సలే అవ్వాలి. కానీ వాడుక అలా స్థిరపడింది, దాంతో తగువు పెట్టుకోకండి. ఆ ప్రాక్టీస్ స్పెల్లింగు మాత్రం చూసుకోండి: బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి చివర సీ, ఈ, క్రియకి ఎస్, ఈ. అమెరికాలో రెండింటికీ సీ, ఈ.