గోళీ, గుంట, నాలుగు వందల రూపాయలు

శ్రోతలకు నమస్కారం.

ఆదివారం పేపర్లో పిల్లల పేజీ గుర్తుందా? ఒక మూల కుందేలు, ఇంకో మూల క్యారెట్, మధ్యలో మెలికలు తిరిగిన గీతలు. పైన ‘దారి చూపండి’ అని ఉండేది. ఆ పేజీ కోసం నాకూ మా అన్నయ్యకీ పొద్దున్నే పోటీ.

ఆ చిక్కుదారి బొమ్మలతో మనిషి ఆలోచనను కొలవడం మొదలై వందేళ్ళు దాటింది. 1914లో ఆస్ట్రేలియాలో స్టాన్లీ పోర్టియస్ అనే ఆయన పిల్లల కోసం ఒక పరీక్ష తయారుచేశారు. మూసుకుపోయిన సందులోకి పెన్సిల్ వెళ్ళిందంటే తప్పు. టైము మాత్రం పెట్టలేదు. అడుగు వేసేముందు కాస్త ఆగి, ముందేముందో చూసుకునే గుణం ఉందా అన్నదే ఆయన చూసింది. టైము పెట్టలేదు, బహుమతీ పెట్టలేదు. మరి బహుమతి పెడితే ఏమవుతుంది?

దానికి జవాబు కోసం మదురై వెళ్దాం. డాన్ ఏరియలీ, యూరి నీజీ, జార్జ్ లోవెన్‌స్టైన్, నీనా మజార్ అనే నలుగురు పరిశోధకులు మదురై దగ్గరి పల్లెల్లో 87 మందితో ఆటలాడించారు. ఆ వివరాలు 2009లో అచ్చయ్యాయి. మొత్తం ఆరు ఆటలు. అన్నీ చెప్పను, నాకిష్టమైనది ఒక్కటి చెబుతాను.

ఒక చెక్కపెట్టె. పైన పలక, పలక మీద చిన్న చిన్న గోడలు, దారి పొడవునా గుంటలు. ఒక ఇనుప గోళీ. పెట్టె పక్కన తిప్పడానికి రెండు నాబ్‌లు. ఒకటి తిప్పితే పలక ముందుకీ వెనక్కీ వాలుతుంది, రెండోది తిప్పితే పక్కలకు వాలుతుంది. గోళీ గుంటలో పడకుండా దారి దాటించాలి. అంతే ఆట.

ఇలాంటిదే ఒకటి నేను నాంపల్లి నుమాయిష్‌లో కొన్నాను. ఆడుతుంటే ఒక సంగతి తెలిసింది. పలక వాల్చగానే గోళీ కదలదు. ఒక్క క్షణం పడుతుంది. ఆ ఒక్క క్షణం ఓర్చుకోలేక మనం ఇంకొంచెం వాలుస్తాం. అప్పుడు గోళీ ఒక్కసారిగా ఉరుకుతుంది, టక్కున గుంటలో పడుతుంది. ఆ ఒక్క క్షణం ఓర్చుకోవడంలోనే ఉంది ఆటంతా.

మదురైలో ఆటగాళ్ళను మూడు గుంపులు చేశారు. ఎవరు ఏ గుంపో అదృష్టాన్ని బట్టి. మొదటి గుంపుకు ఒక్కో ఆటకు ఎక్కువలో ఎక్కువ 4 రూపాయలు. రెండో గుంపుకు 40. మూడో గుంపుకు 400. చాలా బాగా ఆడితే మొత్తం సొమ్ము, ఓ మాదిరిగా ఆడితే సగం, లేదంటే సున్నా. ఆరు ఆటలూ గెలిస్తే మూడో గుంపు మనిషికి 2,400 రూపాయలు. అప్పట్లో ఆ ఊళ్ళో ఒక మనిషికి దాదాపు ఆరు నెలలు గడిచే డబ్బు.

ఆరు నెలల ఖర్చు ఒక గోళీ మీద ఉంది. ఆ మనిషి వేళ్ళు ఎలా ఉంటాయో ఒక్కసారి ఊహించండి.

4 రూపాయల వాళ్ళకూ 40 రూపాయల వాళ్ళకూ పెద్ద తేడా రాలేదు. 400 రూపాయల వాళ్ళే అందరికన్నా వెనకబడ్డారు. చేతకాక కాదనుకుంటాను. గోళీ మీద ఉండాల్సిన దృష్టి డబ్బు మీదికి పోయి ఉంటుంది.

దీన్ని పట్టుకుని డబ్బు ఎక్కువిస్తే పని చెడుతుందని, కూలి పెంచకూడదని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. అదే పరిశోధకులు అమెరికాలో విద్యార్థులకు రెండు పనులిచ్చారు. కీబోర్డు మీద రెండు మీటలు మార్చి మార్చి నొక్కడం ఒకటి, అంకెలు వెతికి కూడటం ఇంకొకటి. మీటలు నొక్కే పనిలో పెద్ద బహుమతి బాగానే పనిచేసింది. కూడికలో దెబ్బతీసింది. ఆలోచించాల్సిన చోటే ఇబ్బంది.

ఇంకొక్క చిన్న ప్రయోగం. 2001లో ఫ్రీడ్‌మన్, ఫోర్‌స్టర్ అనే ఇద్దరు అచ్చం మన ‘దారి చూపండి’ బొమ్మలాంటిదే ఇచ్చారు. మధ్యలో ఎలుక ఉంటుంది, బయటికి దారి చూపాలి. కొందరి బొమ్మలో బయట చీజ్ ముక్క. మిగతావాళ్ళ బొమ్మలో ఆ ఎలుకను తన్నుకుపోవడానికి గుడ్లగూబ. ఆ తర్వాత అందరికీ కొత్తగా ఆలోచించాల్సిన పని ఇస్తే, చీజ్ బొమ్మ చేసినవాళ్ళే మెరుగ్గా చేశారు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు అనిపించేది ఇది. చిన్న బహుమతి చీజ్ ముక్క. అదే బహుమతి మరీ పెద్దదైతే గుడ్లగూబ అయిపోతుంది. ‘గెలిస్తే వస్తుంది’ అన్నది కాస్తా ‘ఓడితే పోతుంది’ అయిపోతుంది.

నాకిచ్చిన సమయం అయిపోవస్తోంది కనుక ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మన ఇళ్ళల్లో ఈఏపీసెట్, అదే మన పాత ఎంసెట్, పరీక్ష రోజు పొద్దున పిల్లాడితో ఏం మాట్లాడతాం? “ర్యాంకు తెచ్చుకో, బండి కొనిస్తా.” “నీ మీదే ఆశలన్నీ పెట్టుకున్నాం రా.” ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాట వాడితో పాటు పరీక్ష హాల్లోకి వెళ్ళి వాడి పక్కన కూర్చుంటుంది. బండి కొనాలనుంటే కొనండి. దాని ఊసు మాత్రం పరీక్ష అయ్యాక ఎత్తండి. ఆ వారం రోజులూ వద్దు, ముఖ్యంగా ఆ పొద్దున అసలు వద్దు.

మా అక్క కొడుకు పోయినేడు రాశాడు. వాళ్ళ నాన్న బండి గురించి అప్పటికే మూడుసార్లు చెప్పేశారు. వాడు టెన్షన్‌తో రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. నేను అక్కతో మదురై సంగతంతా చెప్పాను. మా అక్క పెద్దగా ఏమీ అనలేదు. పరీక్ష రోజు గుమ్మంలో బావగారు ఏదో అనబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, వాడి చేతికి నీళ్ళ సీసా ఇచ్చి అంది: “పెరుగన్నం కలిపి పెట్టాను. రాసి రా, కలిసి తిందాం.”