రంపచోడవరం వెళ్లే ముందు ఏం నేర్చుకోవాలి? (ఫోన్-ఇన్)

యాంకర్: కాకినాడ నుంచి కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం మేడమ్. హౌస్ సర్జన్సీ ఇంకో మూడు నెలల్లో అయిపోతుంది. తర్వాత రంపచోడవరం వైపు పీహెచ్‌సీలో చేరాలనుకుంటున్నాను. ఇక్కడైతే సీనియర్లుంటారు, ల్యాబ్ ఉంటుంది. అక్కడ రాత్రిపూట సీరియస్ కేసు వస్తే ఎలాగా అని టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: వెళ్లాలనుకున్నావు, చాలా సంతోషం తల్లీ. మన చదువంతా పెద్దాస్పత్రిలోనే సాగుతుంది. అక్కడికొచ్చే కేసు చాలాసార్లు అప్పటికే ఎవరో చూసి పంపింది. ఆ మొదట చూసినవాళ్లు ఏం చేయాలన్నది మనకు సరిగా నేర్పరు, నాకు బాధ కలిగించేది ఇదే. ఈ మూడు నెలలూ క్యాజువాల్టీ, లేబర్ రూమ్ వదలకు.

కాలర్: ముఖ్యంగా ఏం చూసుకోవాలి మేడమ్?

డాక్టర్: పాముకాటు. శుభ్రమైన పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచు. ప్లాస్టిక్ ట్యూబు వద్దు, సబ్బు పొడితో కడిగింది అసలే వద్దు. తర్వాత ఒక్కసారి వంచి చూడు. గడ్డకట్టకుండా జారిందా, రక్తపింజర లాంటి పాము విషం ఎక్కినట్టే. విరుగుడు మందు పడక రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా పెట్టుకుని, ఆ విరుగుడు యాంటీవెనం 10 వయల్స్‌తో మొదలుపెట్టు. పిల్లలకైనా అదే డోసు.

కాలర్: గడ్డకడితే భయం లేనట్టేనా?

డాక్టర్: అలా ధీమా పడొద్దమ్మా. కట్లపాము కరిస్తే రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, గాటు కూడా కనిపించకపోవచ్చు. రాత్రి నేలమీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తాడు. గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ చేసి పంపేస్తే ఇంటికెళ్లాక ఊపిరి ఆగిపోతుంది. రెప్పలు వాలుతున్నాయేమో చూడు. మాస్కు ముఖానికి గట్టిగా అదిమిపట్టి, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కడం నీ చేతులకు బాగా అలవాటు కావాలి.

యాంకర్: కాన్పుల సంగతి, డాక్టర్ గారూ?

డాక్టర్: గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు పీహెచ్‌సీలోనే పడాలి. ఒక్కో పిరుదుకు 5 గ్రాములు, లోతుగా కండరంలోకి. అది ఇవ్వకుండా అంబులెన్స్ ఎక్కించకూడదు. కాన్పులు ఎక్కువగా చూసిన ఏఎన్ఎం నీ దగ్గరుంటే అడిగి నేర్చుకో, నామోషీ పడకు. ఏజెన్సీలో అందరికీ తెలుగు రాదు కాబట్టి ఓపీలో ఆశా కార్యకర్తను పక్కన కూర్చోబెట్టుకో. ఇంకోమాట, ఒళ్లునొప్పులు, రక్తహీనత అంటూ వచ్చే పిల్లలకు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉందేమో పరీక్ష చేయించు. ఐరన్ బిళ్లలు రాసి ఊరుకోవద్దు.

కాలర్: ఊరికే రిఫర్ చేస్తే చేతకాదనుకుంటారేమో మేడమ్?

డాక్టర్: అనుకోనీ. ఏ మందు ఎంత ఇచ్చావో, ఎన్నింటికి ఇచ్చావో చీటీ మీద రాయి. వెళ్లే ఆస్పత్రికి ముందే ఫోన్ చెయ్యి. ఊపిరి బలహీనంగా ఉన్న మనిషైతే, 108లో దారంతా బ్యాగ్ నొక్కే మనిషి ఉన్నాకే బండి కదలనివ్వు.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాతి కాల్ తీసుకుందాం.