ఫీజీలో దొరికిన బావ

శ్రోతలకు నమస్కారం.

ఫీజీ అనగానే మన కళ్ల ముందుకొచ్చేది క్యాలెండర్ బొమ్మ. నీలం నీళ్లు, వంగిన కొబ్బరిచెట్టు. నేను రెండేళ్లు ఆ దేశపు రాజధాని సువాలో లెక్కల పని చేశాను. క్యాలెండర్ సముద్రం చూసింది మహా అయితే నాలుగుసార్లు. మిగతా రోజులన్నీ వానే. గొడుగు మరిచిపోయి వెళ్లడం, తడిసి రావడం.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను, టైము తక్కువ. 1879లో లియోనిడాస్ అనే ఓడ భారతీయ కూలీల మొదటి జట్టును అక్కడ దింపింది. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఎక్కించుకున్నారు. విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లు చెరకుతోటలకు వెళ్లింది అలాగే. వాళ్లు సంతకం పెట్టిన అగ్రిమెంటు, నోట్లో నలిగి గిర్మిట్ అయింది. ఓడలు 1916తో ఆగిపోయాయి. ఆ మునిమనవలు ఇప్పుడు ఎక్కువగా ఫీజీ హిందీ మాట్లాడతారు. పేరు చివర నాయుడు, రెడ్డి అలాగే ఉన్నాయి. ఆ కథకి ఇంకో ప్రసంగం కావాలి. ఇవాళ మాత్రం మిమ్మల్ని స్థానిక ఫీజియన్ల పల్లెకి తీసుకెళతాను. వాళ్ల మాటలో ఊరంటే కోరో.

మా ఆఫీసులో ఒక ఫీజియన్ ఉండేవాడు. ఓ శుక్రవారం సాయంత్రం, "రేపు మా ఊరొస్తావా?" అన్నాడు. ఉత్త చేతులతో వెళ్లడం మనకి అలవాటు లేదు కదా, రెండు బిస్కెట్ డబ్బాలు కొన్నాను. చూసి నవ్వాడు. "ఇవి పిల్లలకి. పెద్దలకి వేరు కావాలి" అన్నాడు. సువా మార్కెట్ మేడమీదికి లాక్కెళ్లాడు. కింద కూరలు, చేమదుంపలు. పైన అంతా ఎండువేళ్లు. వాటి పేరు యంగోనా, బయటి ప్రపంచం కావా అంటుంది. అర కిలో వేళ్లు పేపర్లో చుట్టి, కట్టకట్టి ఇచ్చారు. ఈ మొక్కది మన మిరియం, తమలపాకుల కుటుంబమే. ఆ సంగతి తెలిశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. తాంబూలం లాంటిదేలే అనుకున్నాను.

నిజంగానే తాంబూలం లాంటిదే. ఊళ్లోకి కొత్తగా వచ్చినవాడు ఈ కట్ట పెద్దల ముందు పెట్టాలి. పెట్టి, మీ ఊళ్లో అడుగుపెట్టనివ్వండి అని అడగాలి. దీన్ని సెవుసెవు అంటారు.

పొలిమేర దగ్గరే నా టోపీ తీయించాడు. చలవ కళ్లద్దాలు తీయించాడు. భుజాన వేలాడే సంచీని చేత్తో పట్టుకోమన్నాడు. ప్యాంటు మీద సులు చుట్టుకున్నాను. మన లుంగీ లాంటిదే, కాబట్టి అందులో నాకు ఇబ్బంది లేదు. చెప్పులు గుమ్మం బయట విడిచాను, అందులోనూ లేదు. లోపల నేలంతా చాపలు. ఆ ఇంటికి ఒక పైవైపు, ఒక కిందివైపు ఉన్నాయి. పైవైపు పెద్దలది, గుమ్మం వైపు మనది. గుమ్మం వైపే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

కట్ట ముందు పెట్టాం. నా తరఫున మావాడే వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడాడు. ఓ పెద్దాయన కట్ట మీద చెయ్యి వేశాడు, అరచేతులు దోసిలిలా చేసి చప్పట్లు కొట్టాడు. ఒప్పుకున్నట్టన్నమాట. వేళ్ల పొడిని గుడ్డలో వేసి, తనోవా అనే, కాళ్లున్న చెక్కగిన్నెలో నీళ్లు పోసి పిసికారు. చూడ్డానికి వాననీటి బురదే. కొబ్బరిచిప్పలో నాకిచ్చారు. ఒకసారి చప్పట్లు, "బులా" అనడం, గుక్క తిప్పుకోకుండా తాగడం, మళ్లీ మూడు చప్పట్లు. నాలుక మొద్దుబారింది. లవంగం నమిలినట్టు.

అంతా బాగానే ఉంది, ఇక్కడ పొరపాటు చేశాను. నా సంచీ వెనకాల గోడ బల్ల మీద ఉంది. రుమాలు కోసం లేచాను. లేచి, పక్కన కూర్చున్న ముసలాయన తల మీదుగా చెయ్యి చాపాను. గదిలో మాటలు ఆగిపోయాయి. మావాడు నా సులు పట్టి లాగాడు. "తులౌ అను, తులౌ అను!"

తులౌ అంటే, తప్పుకు క్షమించండి, దాటుతున్నాను అని. వాళ్లకి తల చాలా పవిత్రం. అందరూ కూర్చున్నప్పుడు నువ్వొక్కడివే నిలబడకూడదు, వంగి నడవాలి. తలకి పైన చెయ్యి పెట్టాల్సి వస్తే ముందే తులౌ అనాలి. నేను ఆ మాటని, ఆలస్యంగానే అయినా, మూడుసార్లు అన్నాను. ముసలాయన "వినాకా" అన్నాడు. అంటే థాంక్స్. మళ్లీ మాటలు మొదలయ్యాయి.

ఆ ముసలాయన మావాడికి మేనమామ. మావాడు ఆయన్ని మోమో అని పిలుస్తాడు. వింటే మన మామే! ఆ భాషకీ మన భాషకీ చుట్టరికం లేదు, వరసలకి మాత్రం ఉన్నట్టే ఉంది. పెదనాన్న పిల్లలూ, చిన్నాన్న పిల్లలూ అన్నదమ్ములు. మేనమామ కొడుకు, మేనత్త కొడుకు మాత్రం తవలే. తవలే అంటే అచ్చంగా బావ. వేళాకోళం ఆడే హక్కున్నవాడు. మావాడు నన్ను అన్న అన్నాడు కాబట్టి, మోమో కొడుకు ఆ నిమిషం నుంచి నాకు తవలే అయిపోయాడు. అవగానే హక్కు వాడేసుకున్నాడు. "మా ఇండియా తవలే పిచ్చుకలా తాగుతున్నాడు, వీడికి హై టైడ్ పొయ్యండి!" హై టైడ్ అంటే చిప్ప నిండా.

మీ పిల్లలెవరైనా అటు ఉద్యోగానికి వెళుతుంటే ఒక్క మాట. కట్ట కొన్నాక, దాన్ని మీ తరఫున మాట్లాడి పెట్టే మనిషిని వెంటపెట్టుకు వెళ్లమనండి. చిప్ప చేతికొచ్చే ముందే "లో టైడ్" అనమనండి. సగం పోస్తారు, ఎవరూ తప్పు పట్టరు. లో టైడ్ అనే మాట ఒకటుందని నాకు నా తవలే చెప్పాడు. ఆరో చిప్ప తర్వాత.