మహేంద్రతనయ, ఒక ట్యాబు, ఒక కుర్రవాడు

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, తోటి ఉపాధ్యాయులకు, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. ‘తరగతి గదిలో సాంకేతికత’ అన్న అంశం ఇచ్చి నాకు పదిహేను నిమిషాలు కేటాయించారు. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలచుకుంటే అందులో పది నిమిషాలు వారికే సరిపోతాయి కనుక, మన్నించమని కోరి, నేరుగా ఒక కుర్రవాడి దగ్గరికి వెళ్తాను.

నా ఉద్యోగపు చివరి సంవత్సరంలో మా బడికి ఒక ట్యాబు వచ్చింది. మనం మాట్లాడితే అది రాసిపెడుతుంది. ఆరో తరగతి పిల్లలను ఊరి గురించి ఒక్కో వాక్యం చెప్పమన్నాను. వెనక బల్ల మీది కుర్రవాడు లేచి, మన ఊరి ఏటి గురించి, “మహేంద్రతనయలో నీరు ఎండిపోనాది” అన్నాడు. తెర మీద “మహేంద్ర తనయుడిలో నీరు ఎండిపోయింది” అని పడింది. తరగతి పకపకా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ పూట నుంచి వాడి పేరే ‘తనయుడు’ అయింది, వాడు నోరు తెరవడం మానేశాడు.

నది పేరు తప్పు పడడం అందరికీ కనబడింది. ‘ఎండిపోనాది’ని యంత్రం చడీచప్పుడు లేకుండా ‘ఎండిపోయింది’గా దిద్దడం మాత్రం ఆనాడు నాకూ తట్టలేదు. ఈ యంత్రాలు తాము నేర్చుకున్న వాక్యాల్లో ఎక్కువగా కనబడిన మాటవైపే మొగ్గుతాయి. వాటికి పత్రికల తెలుగు పుష్కలంగా దొరుకుతుంది, మన ఇళ్ల తెలుగు అరుదుగా దొరుకుతుంది. నేనే దిద్ది ఉంటే “మా అమ్మ అలాగే అంటాది సార్” అని వాడు ఎదురు చెప్పేవాడేమో. తెరతో ఎవరు వాదిస్తారు?

ఈ మాట ఈ ఊళ్లో, గిడుగు వారి పుట్టినరోజైన ఆగస్టు 29న చెప్పవలసి రావడం నాకు సిగ్గుగా ఉంది. 1880లో ఇక్కడికే పంతులుగా వచ్చిన గిడుగు రామమూర్తి గారు, ఇక్కడి కొండల గిరిజనులైన సవరలను తన ఇంట ఉంచుకొని వారి నోటి నుంచే వారి భాష నేర్చుకొని, తెలుగు లిపిలో వాచకాలు రాసి, మలేరియాకు వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చినా ఆగక, 1931లో ఆ భాష వ్యాకరణాన్ని అచ్చువేయించారు. వాచకాలకు మద్రాసు ప్రభుత్వం డబ్బు ఇవ్వబోతే, దానితో సవరలకు బడి పెట్టమన్నారు. జనం నోటి మాటను తప్పుగా జమకట్టే పండితులతో ఆయన జీవితమంతా పోరాడారు. అటువంటి పండితుణ్ణే నేను కరెంటు పెట్టి తరగతిలో కూర్చోబెట్టాను.

ట్యాబును నేను అటకెక్కించలేదు. రాసిపెట్టే ఏర్పాటును మూసేసి, గొంతును రికార్డు చేసే ఏర్పాటు మాత్రం ఉంచాను. దానికి ఇంటర్నెట్ కూడా అక్కరలేదు. ఒక శనివారం ఆ కుర్రవాడి నాయనమ్మను బడికి పిలిచాను. ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమలు తవ్వి నీళ్లు తోడుకున్న సంగతి ఆమె పది నిమిషాలు చెప్పింది. తరవాతి వారమంతా మా పాఠం అదే. పిల్లలు కొంచెం వింటారు, ఆపుతారు, రాస్తారు, కొట్లాడుకొని మళ్లీ వింటారు. నల్లబల్ల మీద ఒక వరుసలో నాయనమ్మ మాట, పక్క వరుసలో పుస్తకం మాట రాశాం. మూడో వరుస ఒడియాకు ఇచ్చాం. ఒక సవర పిల్ల అడిగి నాలుగో వరుస గీయించుకుంది. నేను అలవాటు చొప్పున మొదటి వరుసలో ‘ఎండిపోయింది’ అని రాశాను. వెనక బల్ల నుంచి, “మా నాయనమ్మ ఎండిపోనాది అన్నాది సార్, మళ్లీ వినండి” అని ఒక గొంతు వినిపించింది.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను. నేను పదవీ విరమణ చేసిన తరవాత ఆ గది గోడకు పెద్ద తెర వచ్చింది. నా స్థానంలో తెలుగు పంతులు ఇప్పటికీ రాలేదు. తల్లిదండ్రులారా, మీ పిల్లల బడిలో తెర ఉండి తెలుగు పంతులు లేని వారెవరో దయచేసి చేతులెత్తండి. దించకండి. కార్యదర్శి గారు లెక్కపెట్టి, ఆ అంకెను నేటి తీర్మానంలో రాస్తారు.